‘వెళ్ళేవాళ్ళం’ నుంచి ‘వెళ్ళాను’ దాకా: పల్లెటూరి బాల్యాన్ని రాసి పెట్టుకోవడానికి ఒక మార్గదర్శి

పల్లెటూరి చిన్నతనం గురించి రాయమంటే మనలో చాలామంది కలం ఒకే బాట పడుతుంది. చెరువులో ఈదేవాళ్ళం, మామిడికాయలు దొంగిలించేవాళ్ళం, వెన్నెట్లో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం, నాయనమ్మ కథలు చెబుతుంటే ఊ కొట్టేవాళ్ళం. కొన్నేళ్ళ కిందట నేను కూడా ఇదే ధోరణిలో నలభై పేజీలు నింపి మా అక్కకు పంపించాను. ఆమె ఓపికగా అంతా చదివి, “బాగానే ఉందిరా, కానీ ఇది ఎవరి ఊరు?” అని అడిగింది. మాది కృష్ణా డెల్టాలో కాలువ గట్టు మీది ఊరు. నా రాతలో కాలువా ఉంది, గట్టూ ఉంది, ఊరు మాత్రం లేదు. ఆ నలభై పేజీలు పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నేర్చుకున్న పద్ధతిని, అందులో చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ వరుసగా చెబుతాను. పిల్లల కోసమో, మనవల కోసమో, లేక తన కోసమే తన ఊరిని కాగితం మీద పెట్టాలనుకునేవారికి ఇది పనికొస్తుంది.

మొదటి మెట్టు: హద్దు గీసుకోండి

పుట్టినప్పటి నుంచి కాలేజీ దాకా అంతా రాస్తానని కూర్చుంటే ఏదీ పూర్తి కాదు. ఒక ఊరు, ఐదారేళ్ళ కాలం, మీకు ఊహ తెలిసిన తర్వాత ఊరు విడిచిపెట్టేలోపు, అంతవరకు చాలు. నేను 1977 నుంచి 1983 దాకా, అంటే నా ఆరో ఏటి నుంచి పన్నెండో ఏటి వరకు తీసుకున్నాను. సెలవులకు మాత్రమే ఊరు వెళ్ళినవారు ఆ సెలవులనే హద్దుగా పెట్టుకోవచ్చు. అప్పుడు ఊరంతా తెలిసినట్టు రాయకుండా, చుట్టపుచూపుగా వచ్చిన పిల్లవాడి కళ్ళతో రాయడం నిజాయితీగా ఉంటుంది.

రెండో మెట్టు: రాతకు ముందు పటం

ఒక పెద్ద కాగితం తీసుకుని మీ ఇంటి పటం గీయండి. బొమ్మ బాగుండనక్కర లేదు, కొలతలు సరిపోనక్కర లేదు. వీధి గుమ్మం ఎటు తిరిగి ఉంది, సావిట్లో ఎద్దులు ఏ పక్కన కట్టేవారు, కుడితి గోలెం ఎక్కడ, ధాన్యం పురి పెరట్లోనా వాకిట్లోనా, గడ్డివాము మీదకు ఎక్కడి నుంచి దూకేవారు అన్నవి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వెళ్ళండి. చెయ్యి ఆగిన చోటే అసలు పని మొదలవుతుంది. మా వంటింటికి కిటికీ ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. అది తేల్చుకోవడానికి పొయ్యి పొగ ఎటు పోయేదో ఆలోచించాను. పొగ పెంకుల సందుల్లోంచి పోయేదని, అందుకే దూలాలు నల్లగా, ముట్టుకుంటే జిడ్డుగా ఉండేవని, వాటికి నాయనమ్మ ఉల్లిపాయల కట్టలు వేలాడదీసేదని వెంటవెంటనే గుర్తొచ్చాయి. కిటికీ సంగతి ఇప్పటికీ తేలలేదు, కానీ వంటిల్లు దొరికింది.

తర్వాత ఊరి పటం గీయండి. ఈ రోజు ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం ఎవరికైనా అందుతుంది. అయితే ముందు గుర్తున్నది గీసి, ఆ తర్వాతే దాన్ని చూడాలి, లేకపోతే ఇప్పటి రోడ్డు మీ పాత డొంకను మింగేస్తుంది. పొలాలకు ఊళ్ళో వాడే పేర్లు తప్పనిసరిగా రాయండి. రికార్డుల్లో, ఆంధ్రలో అడంగల్ అయినా తెలంగాణలో పహాణీ అయినా, సర్వే నంబరు దొరుకుతుంది గాని దిబ్బచేను, మర్రిచేను, దయ్యాలమడి వంటి పేర్లు అక్కడ ఉండవు. అవి తెలిసిన తరం పోతే వాటిని చెప్పేవారు ఉండరు.

మూడో మెట్టు: క్రియను మార్చండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టు మాత్రమే పాటించే ఓపిక ఉన్నవారు దీన్ని పాటించండి. తెలుగులో ‘చేసేవాళ్ళం’, ‘ఉండేది’, ‘అనేవారు’ అనే రూపాలు అలవాటును చెబుతాయి. ఎన్నోసార్లు జరిగిన పనులను ఒక్క మాటలో మూటగట్టి ఇస్తాయి. అందుకే పాత రోజుల గురించి మాట్లాడబోతే నోటికి ముందుగా అవే వస్తాయి. వాటితో ఉన్న చిక్కు ఏమిటంటే, వంద రోజులను కలిపి చెప్పినప్పుడు ఏ ఒక్క రోజూ కనిపించదు, అందరి చిన్నతనాలూ ఒకేలా ఉంటాయి. ‘వెళ్ళేవాళ్ళం’ అన్న చోట ‘వెళ్ళాను’ అని రాయబోతే ఎప్పుడు, ఎవరితో, ఎందుకు అన్న ప్రశ్నలు వాటంతట అవే వచ్చి నిలబడతాయి, జవాబు చెప్పక తప్పదు.

నా మొదటి రాతలో ఒక వాక్యం ఇలా ఉంది: “వేసవిలో ముంజలు తిని, ఆ కాయలతో బండ్లు చేసుకుని వీధుల్లో ఆడుకునేవాళ్ళం.” తప్పేమీ లేదు, తాటిచెట్లున్న ప్రతి ఊళ్ళోనూ ఇది నిజమే. దాన్ని ఒక్క రోజుకు కుదించి తిరగరాశాను:

“ఐదో తరగతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా పెద్దనాన్న కొడుకు ముంజలు తీసిన కాయల కుప్పలో చాలాసేపు వెతికి రెండు ఏరాడు. రెండూ ఒకే సైజువి దొరకాలి, ఒకటి పెద్దదయితే బండి పక్కకు లాగుతుంది. వెదురు పుల్లకు కత్తిపీట మీద మొన చెక్కి, కాయ నడిమికి ఆనించి, అరచేతులతో తిప్పుతూ అవతలి వైపు మొన కనిపించేదాకా దించాడు. కాయ నీరు మోచేతుల దాకా కారింది. రెండు కాయల మధ్య జానెడు ఇరుసు వదిలి, వేప పంగ ఒకటి తెచ్చి, పంగను ఆ ఇరుసు మీద ఆనించి తోశాడు. బండి నడిచింది. నాకివ్వమని అడిగాను, ఇవ్వలేదు. ఊరచెరువు గట్టు దాకా వెనకాలే పరిగెత్తాను. గట్టు దిగే చోట ఎడమ కాయ ఇరుసు నుంచి ఊడి దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడింది. ఖాళీ అయిన మూడు కళ్ళూ పైకి పెట్టుకుని, తేలుతూ, లోపలికి పోయింది. ఇద్దరికీ ఈత రాదు.”

ఇందులో ‘ఆనందం’ అన్న మాట లేదు, ‘మధురం’ లేదు, ‘ఆ రోజులే వేరు’ అన్న నిట్టూర్పూ లేదు. బండి ఎలా కట్టాలో మాత్రం ఉంది. దీన్ని చదివి ఇంకొకరు ఆ బండి చేసుకోవచ్చు. జ్ఞాపకం సరిగ్గా రాశామా లేదా అనేదానికి నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. అమ్మ చేసిన ఆవకాయ గురించి రాస్తే ఆవపిండి ఎవరు కొట్టారో, జాడీ ఎవరు తుడిచారో, పిల్లల్ని ఎందుకు దగ్గరికి రానివ్వలేదో తెలియాలి. కుప్పనూర్పు గురించి రాస్తే కళ్ళం ఎలా అలికారో, పనలు తొక్కే పశువుల బంతి ఎటు తిరిగిందో, తూర్పారబట్టేటప్పుడు గాలి ఆగిపోతే పెద్దవాళ్ళు ఏం చేశారో తెలియాలి.

అలవాటు రూపాన్ని అసలే వాడకూడదని దీని అర్థం కాదు. రోజూ జరిగే పాలు పితకడం, వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో మిగిలిన కొరమీనుల కోసం బురదలో దిగడం వంటివాటికి అదే సరైన రూపం. నేను పెట్టుకున్న నియమం ఇంతే: ప్రతి పేజీలోనూ కనీసం ఒక్క ‘ఆ రోజు’ ఉండాలి.

నాలుగో మెట్టు: ఏడు, నెల తేల్చుకోండి

చిన్నప్పటి సంగతులకు తేదీలు ఉండవు, ఆనవాళ్ళు మాత్రమే ఉంటాయి. పెద్దవాళ్ళు కూడా “మీ బాబాయి పెళ్ళయిన ఏడు” అనే చెబుతారు. అటువంటి మాటలను నలుగురికీ తెలిసిన సంఘటనలకు ముడివేస్తే ఏడు దొరుకుతుంది. కోస్తాలో అన్నిటికన్నా గట్టి మేకు 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన. అది ఉప్పెనకు ముందా, తర్వాతా అని అడిగితే మా వైపు వయసు మళ్ళినవారు తడుముకోకుండా చెబుతారు. 1979 జూలైలో అమెరికావారి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని జనం హడలిపోవడం, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం రోజు తలుపులు బిడాయించుకుని కూర్చోవడం ఆ తరం పిల్లలందరికీ గుర్తుండేవే. గోదావరి పక్కవారికి 1986 ఆగస్టు వరద, కోనసీమవారికి 1996 నవంబర్ తుఫాను అలాంటి మేకులు.

పుష్కరాలు ఇంకా మంచి సాధనం, ఎందుకంటే అవి 12 ఏళ్ళకు ఒకసారి వస్తాయి, ఇంటిల్లిపాదీ కదిలి వెళతారు. గోదావరికి 1979, 1991, 2003, 2015లలోనూ, కృష్ణకు 1980, 1992, 2004, 2016లలోనూ వచ్చాయి. పుష్కరాలకు చంకనెత్తుకుని తీసుకెళ్ళారా, నడిపించి తీసుకెళ్ళారా అన్నదాన్ని బట్టి మీ వయసు కూడా తేలిపోతుంది. ఎవరైనా తెలుగు సంవత్సరం పేరు చెబితే దాన్ని వదలకండి. పింగళ అంటే 1977 ఉగాది నుంచి 1978 ఉగాది దాకా, ప్రభవ అంటే 1987 ఉగాది నుంచి లెక్క. పాలనలో వచ్చిన మార్పులూ సాయపడతాయి. మాటల్లో కరణంగారి పెత్తనం వినిపిస్తే అది ఆ పదవి రద్దయిన 1984కు ముందు సంగతి, తాలూకా కచేరీ వినిపిస్తే మండలాలు వచ్చిన 1985కు ముందు సంగతి అనుకోవచ్చు.

బడి రికార్డును మాత్రం నమ్మకండి. మా తరంలో చాలామంది బడిలో చేర్పించిన మాస్టారి దయ వల్ల జూన్ 1న గానీ జూలై 1న గానీ పుట్టినవారే.

ఐదో మెట్టు: పెద్దలను అడగండి, కానీ ఇలా

“అత్తయ్యా, ఆ రోజులెలా ఉండేవి?” అని అడిగితే “ఏముందిరా, బంగారంలా ఉండేవి” అన్న జవాబే వస్తుంది. అడగవలసింది పని గురించి. తెల్లవారి లేవగానే మొట్టమొదట ఏం చేసేవారు? మడి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి? కాపురానికి వచ్చినప్పుడు కావిడి పెట్టెలో ఏమేం తెచ్చుకున్నారు? చేతి పని గుర్తొస్తే దాని వెనకే మనుషులు వస్తారు. వాళ్ళ అనుమతితో ఫోన్‌లో రికార్డు చేయండి, పక్కన నోటు పుస్తకం కూడా ఉంచుకోండి. గంటకు మించి కూర్చోబెట్టకండి. ఇద్దరిని ఒకేచోట కూర్చోబెడితే గొంతు పెద్దవారి మాటే చరిత్ర అవుతుంది కాబట్టి విడివిడిగా అడగండి. పాత ఫోటోలు, ఇత్తడి చెంబు, తిరగలి వంటివి చేతిలో పెట్టి మాట్లాడించడం మామూలు ప్రశ్నలకన్నా బాగా పనిచేస్తుంది.

ఇక్కడే నాకు పెద్ద దెబ్బ తగిలింది. ఉప్పెన రాత్రి గురించి నా మొదటి రాతలో రెండు పేజీలున్నాయి. గాలి హోరు, పెంకులు లేచిపోవడం, నాయనమ్మ నన్ను మంచం కిందకు తోసి దుప్పటి కప్పడం, ఇవన్నీ కళ్ళతో చూసినట్టు రాశాను. చూశాననే నమ్మకం కూడా ఉంది. మా మేనత్త అది విని, “నువ్వా రోజు ఊళ్ళో ఎక్కడున్నావురా? మీ అమ్మ పురిటికి వెళ్ళింది కదా, మీరంతా ఖమ్మం దగ్గర మీ అమ్మమ్మగారింట్లో ఉన్నారు” అంది. తమ్ముడు పుట్టిన తేదీ చూశాను. ఆమె చెప్పిందే నిజం. ఏళ్ళ తరబడి ఇంట్లో విన్న మాటలు నా కళ్ళలోకి ఎక్కాయి. మంచం కింద ఉన్నది నేను కాదు, పెద్దనాన్న కొడుకు. ఆ రెండు పేజీలనూ చింపెయ్యలేదు. వాటికి ముందు “ఇది నేను చూడలేదు, విన్నాను” అని ఒక వాక్యం చేర్చి, ఎవరి దగ్గర విన్నానో రాశాను. మీ రాతలో కూడా చూసినది, విన్నది, ఊహించినది వేరువేరుగా తెలిసేలా ఉంచండి. పక్కన మార్జిన్‌లో చిన్న గుర్తు పెట్టుకున్నా సరిపోతుంది.

ఆరో మెట్టు: మీ ఊరి మాట, మీ ఊరి కొలత

ఒకే ఆటను మా వైపు బిళ్ళంగోడు అంటే తెలంగాణలో చిర్రగోనె అంటారు. గోంగూర అక్కడ పుంటికూర అవుతుంది, కొబ్బరికాయ రాయలసీమలో టెంకాయ అవుతుంది. పుస్తకాల భాషలో ఉన్న మాట ‘సరైనది’ అనుకుని మీ ఇంటి మాటను దిద్దకండి. వ్యవసాయపు మాటల విషయంలో అనుమానం వస్తే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం చూడవచ్చు. నాగలి భాగాలకు జిల్లాకొక పేరు ఎలా ఉందో అందులో తెలుస్తుంది. పిలుపులను కూడా యథాతథంగా రాయాలి. ఎవరు ఎవరిని ‘గారూ’ అన్నారు, ఎవరు ఎవరిని ‘ఒరే’ అన్నారు, ఎవరి పేరు పూర్తిగా పలికారు, ఎవరి పేరు చివర విరిచారు అన్నది ఊరి గురించి చాలా చెబుతుంది.

కొలతలను కిలోల్లోకి మార్చి పాత కొలతను పారేయకుండా రెండూ ఉంచండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అన్నది మా ఇంట్లో విన్న లెక్క. పుట్టి మాత్రం ఊరికొక రకం కాబట్టి, ఎన్ని బస్తాలకు పుట్టి అని అడిగి రాసుకోవాలి. భూమి విషయంలో ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. వడ్లిచ్చి ఐసు కొనుక్కున్నామని రాసేటప్పుడు దోసెడిచ్చారా, సోలెడిచ్చారా అన్నది కూడా గుర్తు చేసుకోండి. అమ్మకు తెలియకుండా ఇచ్చారా అన్నది వేరే సంగతి.

ఏడో మెట్టు: చేదును తీసెయ్యకండి

పల్లెటూరి జ్ఞాపకాలు తియ్యగా ఉండడానికి ఒక కారణం, వాటిని ఎక్కువగా రాసేది ఊరు విడిచి బయటపడి చదువుకున్నవాళ్ళు కావడం. నా మొదటి నలభై పేజీల్లో మా గేదెలను కాసిన కుర్రవాడి ప్రస్తావన ఒక్కసారే ఉంది, అదీ గేదె పేరు చెప్పేటప్పుడు. అతనిది నా వయసే. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని వాళ్ళ నాన్నతో మా తాతయ్య మాట్లాడుకున్న జీతం అతనిది. నాకు వేసవి సెలవులు వస్తే అతనికి రాలేదు, ఎందుకంటే అతను బడికే రాలేదు. మా పెరట్లో నీళ్ళడిగితే నాయనమ్మ పైనుంచి పోసింది, అతను దోసిలి పట్టి తాగాడు. నేను అరుగు మీద కూర్చుని చూశాను. చూడనట్టే పెరిగాను.

ఇటువంటివి రాయడంలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, ఇప్పటి తెలివితో అప్పటి పిల్లవాడికి పశ్చాత్తాపం అంటగట్టడం. ఆ వయసులో నాకు ఏమీ అనిపించలేదు, ఆ మాటే రాశాను. రెండు, ఎదుటివారి బతుకును వారి తరఫున మనమే చెప్పెయ్యడం. వారు ఉన్నారు, వారిని అడగవచ్చు. బతికి ఉన్నవారి పేర్లు మార్చడమో, విడిచిపెట్టడమో చేయండి. అప్పులు, భూమి తగాదాలు, ఇంటి ఆడవారి కష్టాల వంటివి రాసేముందు సంబంధించినవారికి చూపించండి. వద్దంటే తీసెయ్యండి.

ఎనిమిదో మెట్టు: దాచడం

ఇది చిన్న పని, కానీ చాలామంది ఇక్కడే తప్పుతారు. యూనికోడ్‌లో టైపు చేయండి, పాత ఫాంట్లలో చేసినది ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో చదవడానికి రాదు. ఫోటో వెనుక పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. పీడీఎఫ్ కాపీలు కనీసం మూడు ఇళ్ళలో ఉండాలి, ఒకటి కాగితం మీద అచ్చు వేయించి బైండు చేయించాలి.

తొమ్మిదో మెట్టు: ఊళ్ళో చదివి వినిపించండి

రాసినది అచ్చుకు వెళ్ళేముందు ఊరు వెళ్ళి, ఆ సంగతులు తెలిసినవారికి పైకి చదవండి. కళ్ళతో చదివేటప్పుడు దాటిపోయిన తప్పులు చెవికి తగులుతాయి. వినేవారు అడ్డుపడిన చోటల్లా ఆగి రాసుకోండి, వాదించకండి. నేను చదివినప్పుడు మేనత్త ఎద్దుల పేర్లు దిద్దింది, పెద్దనాన్న కొడుకు తాను బండి ఇవ్వనన్న మాట అబద్ధమన్నాడు. ఆ ఇద్దరి మాటలూ పేజీ కింద చేర్చాను.

సాయంత్రం గేదెలు కాసిన అతని ఇంటికి కూడా వెళ్ళాను. ఇప్పుడు అతనికి మనవలున్నారు. అతని గురించి రాసిన పేరా చదివితే తల ఊపాడు, ఏమీ అనలేదు. తర్వాత ముంజకాయల బండి సంగతి చదివాను. కాయ తేలుతూ పోయిందన్న చోట చెయ్యెత్తి ఆపాడు. “పోలేదండీ అది. మర్నాడు పొద్దున గేదెల్ని దింపితే రేవులో దొరికింది. ఇంకో కాయ జత చేసి నేనూ బండి కట్టుకున్నాను. మీ వీధికి తేలేదు, అందుకని మీకు తెలీదులెండి.”